నోరు తెరిచిన మందారం

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళకి డాక్టరు ముఖం గుర్తుండదు. మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు, పైనుంచి సూటిగా కళ్ళలో కొట్టే దీపం. వీటి మధ్య ఆయన మనిషో మరమనిషో తేల్చుకునేలోపే పన్ను చేతికొచ్చేస్తుంది. ఆ ఆసుపత్రిలో అందరికీ గుర్తుండేది బుగ్గలక్క. కుర్చీలో వెనక్కి వాలగానే రెండు ప్లాస్టిక్ కొక్కేలు తెచ్చి, రెండు బుగ్గల్నీ చెవుల దాకా లాగి, "కదలకండి, మింగకండి, నవ్వకండి" అంటూ నోటి లోపల ఫోటో తీసేది ఆవిడే. ఆ అవస్థలో ఉన్నవాడు ఎందుకు నవ్వుతాడో ఎవరికీ తెలీదు. అయినా ఆవిడ ఆ మూడో మాట ఎప్పుడూ వదల్లేదు. బుగ్గలక్క అన్న పేరు పెట్టింది పేషెంట్లే. తర్వాత ఆసుపత్రంతా అదే పేరుకి అలవాటుపడింది.

ఆవిడ ఆ ఉద్యోగంలో చేరడం కూడా పంటి పుణ్యమే. పెళ్ళైన కొత్తలో జ్ఞానదంతం పీకించుకోవడానికి వెళ్ళి వరుసలో కూర్చుంది. లోపల ఒక పహిల్వాను లాంటి మనిషి నోరు తెరవనని మొండికేశాడు. అప్పటి పెద్ద డాక్టరు బతిమాలుతున్నాడు, నర్సు బతిమాలుతోంది, ఆయన పెళ్ళాం ఏడుస్తోంది. బుగ్గలక్క లేచి లోపలికెళ్ళి, "ఏమండీ, లోపల బంగారం ఏమైనా దాచారా? తెరవండి, మాకూ పనులున్నాయి" అంది. పహిల్వాను నోరు తెరిచాడు. జ్ఞానదంతంతో పాటు ఆవిడ నిరుద్యోగం కూడా ఆ రోజే ఊడిపోయింది. పెద్ద డాక్టరు పోయాక కొడుకు ఆ కుర్చీలోకి వచ్చాడు, కెమెరా తెచ్చాడు, దానికి దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు తెచ్చాడు, లెన్సు మూతి చుట్టూ గాజులా తొడిగే ఫ్లాష్ తెచ్చాడు. తీయడం మాత్రం తన వల్ల కాక బుగ్గలక్క చేతిలో పెట్టాడు. అలా ఆవిడ ఏళ్ళ తరబడి జనం నోళ్ళు చూస్తూ గడిపింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ చూసిన నోళ్ళని బట్టి ఆ ఊరి గురించి ఆవిడకి పెద్దగా ఆశలు లేవు.

ఒక మధ్యాహ్నం రావలసిన పేషెంటు రాలేదు. ఆ పొద్దునే కొత్త పళ్ళసెట్టు పెట్టించుకున్న టైలరు ఒకాయన, ఆనందం పట్టలేక డాక్టరుకి పూలగుత్తి ఇచ్చి వెళ్ళాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఉమ్మే బేసిన్ పక్కన నిలబెట్టారు. చేతిలో కెమెరా ఉంది, చేయడానికి పని లేదు. బుగ్గలక్క గుత్తిలో ముదురు గులాబిరంగు లిల్లీని చూసుకుని, అలవాటు కొద్దీ "కొంచెం ఇటు తిరగండి" అని, ఒక ఫోటో తీసింది.

తెర మీద బొమ్మ చూసి అలాగే నిలబడిపోయింది. రేకుల మీద చిన్నచిన్న బుడిపెలున్నాయి. లోపలికి వెళ్తున్నకొద్దీ రంగు మారుతోంది. ఒక మూల పుప్పొడి రేణువులు పసుపు ఇసుకలా రాలి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఇదే లెన్సుతో పిప్పిపళ్ళు చూసింది గానీ, ఇది ఇలాంటివి కూడా చూపిస్తుందని ఆవిడకి తట్టలేదు.

అటుగా టీ కప్పుతో వెళ్తున్న డాక్టరు తెర వైపు వంగి చూశాడు.

"ఎవరివక్కా ఈ చిగుళ్ళు? ఇంత వాచేదాకా ఏం చేస్తున్నాడు మనిషి? రేపే రమ్మనండి."

"రావడం కుదరదండీ. కాళ్ళు కోసేశారు."

డాక్టరు కాసేపు అయోమయంగా చూసి, పువ్వని తెలిశాక తనే పడీపడీ నవ్వాడు. బుగ్గలక్క కూడా నవ్వింది. కానీ ఆ నవ్వులో ఒక ముల్లు గుచ్చుకుంది.

ఇంటి దగ్గర పువ్వులకి లోటు లేదు. ఇంట్లో ముగ్గురే: ఆవిడ, లిఫ్టులు బాగుచేసే భర్త, ఆయన తల్లి. పిల్లలు లేరు. ఆ విషయం మీద అత్తగారు అనాల్సినవన్నీ ఎప్పుడో అనేసి, అలిసిపోయి, మేడ మీద మొక్కల పెంపకంలో పడింది. పగిలిన బకెట్లు, రంగు డబ్బాలు, ఎవరో పారేసిన వాష్‌బేసిన్, అన్నిట్లోనూ ఏదో ఒకటి పూస్తూ ఉంటుంది. మందారం, గులాబీ, చామంతి, నేల మీద పాకే నాచుపువ్వు. ఆ మేడ మీద ఆవిడ మాటే చట్టం. ఏ పువ్వు ఉండాలి, ఏది తెంపాలి, ఎవరు ఏ బకెట్‌కి ఎంత దూరంలో నిలబడాలి, అంతా ఆవిడే చెప్పాలి. కోడలికి ఆ రాజ్యంలో ఇచ్చిన పదవి నీళ్ళు మొయ్యడం.

సెలవు రోజుల్లో కెమెరా ఇంటికి తీసుకెళ్తానని అడిగితే డాక్టరు సరేనన్నాడు. బుగ్గలక్క మేడ ఎక్కి, మందారం ముందు గొంతుక్కూర్చుని, కొక్కేలు లేకుండా తొలిసారి ప్రశాంతంగా ఫోటోలు తీసుకుంది. అత్తగారు అనుమానంగా చుట్టూ తిరిగింది.

"ఏం చేస్తున్నావు దాన్ని?"

"ఫోటో తీస్తున్నాను అత్తయ్యా."

"దానికేమైనా పెళ్ళిచూపులా? నీళ్ళు పట్టు ముందు."

ఆ భోగం ఎక్కువకాలం సాగలేదు. ఒక సోమవారం పొద్దున్న ఒక హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో ఉంది. బుగ్గలు చెవుల దాకా లాగి ఉన్నాయి. బుగ్గలక్క కెమెరా మూతి దగ్గరికి తెచ్చేసరికి, ఫ్లాష్ గాజులోంచి ఒక నల్లచీమ బయటికొచ్చి, అటూ ఇటూ చూసుకుని, హెడ్‌మిస్ట్రెస్ కింది పెదవి మీదకి దిగింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. నోట్లోంచి "ఆ... ఆ..." తప్ప మాట రావడం లేదు. బుగ్గలక్క అలవాటుగా, "కదలకండి, మింగకండి" అంది.

చీమని పట్టుకున్నారు గానీ హెడ్‌మిస్ట్రెస్‌ని పట్టుకోవడం కష్టమైంది. ఆవిడ తిట్టినంతసేపూ డాక్టరు పరీక్ష తప్పిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ వెళ్ళాక, "అక్కా, ఇక కెమెరా గుమ్మం దాటొద్దు" అన్నాడు.

మనసు కొంచెం మెత్తనివాడు కాబట్టి మర్నాడు దానికి పరిహారం కూడా ఆలోచించుకొచ్చాడు. వెయిటింగ్ రూముకి కొత్తగా సున్నం వేయించారు, గోడలు బోసిగా ఉన్నాయి. బుగ్గలక్క తీసిన పువ్వుల్లో నాలుగు పెద్దవి చేయించి ఫ్రేములు కట్టించి తగిలిద్దాం అన్నాడు. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలి వెళ్ళింది. భర్తకి రెండుసార్లు చెప్పింది. అత్తగారికి చెప్పినట్టు కాకుండా, ఆవిడకి వినపడేలా భర్తకి మూడోసారి చెప్పింది.

ఫ్రేములు గోడకెక్కిన పొద్దున్న ఏదో పని కల్పించుకుని మాటిమాటికీ వెయిటింగ్ రూములోకి తొంగిచూసింది. మొదట ఒక తాతగారు ఎర్ర మందారం బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన ఆవిడని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఈయన బతికే ఉన్నారా?"

తర్వాత ఒక తల్లి కూతురి చెయ్యి పట్టుకుని గులాబి బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, "చూశావా, రాత్రిపూట బ్రష్ చెయ్యకపోతే ఇలా అవుతుంది" అని పాఠం చెప్పింది. ఆ పిల్ల ఏడుపు అందుకుంది. భుజానికి సంచి తగిలించుకున్న ఒక కుర్రాడు నాచుపువ్వు బొమ్మ చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

అన్నిటికంటే బాధ పెట్టింది డాక్టరు మాట. మధ్యాహ్నానికి ఆయన చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "అక్కా, ఏం చెప్పకుండానే చిగుళ్ళ ట్రీట్‌మెంటుకి ఒప్పేసుకుంటున్నారు. బొమ్మలు అలాగే ఉండనీండి, కదిలించకండి."

డాక్టరు భోజనానికి లేచి వెళ్ళగానే బుగ్గలక్క కుర్చీ వేసుకుని నాలుగు ఫ్రేములూ దించి, స్టోరులో ఎక్స్‌రే డబ్బాల వెనక, గోడవైపు తిప్పి పెట్టేసింది. డాక్టరు వచ్చి బోసి గోడలు చూసి ఆవిడ ముఖం చూశాడు. అడక్కపోవడమే ఆరోగ్యమని గ్రహించాడు.

తప్పంతా ఆ లెన్సుదేనని ఆవిడ తీర్మానించుకుంది. ఏళ్ళ తరబడి నోళ్ళలో తిరిగిన లెన్సు, ఏది చూపించినా నోరులాగే చూస్తుంది. కసాయి కత్తితో పండు కోస్తే వాసన రాదూ మరి. పువ్వులకి పువ్వుల లెన్సు కావాలి, అదీ తన సొంతం కావాలి.

ఇలాంటి విషయాల్లో సలహాకి అయినవాళ్ళలోనే ఒక మహానుభావుడున్నాడు: మరిది. బీమా కంపెనీలో ఉద్యోగం, సెలవుల్లో పక్షుల ఫోటోలు. ఒళ్ళంతా జేబులున్న కోటు వేసుకుంటాడు. అతని దగ్గర లేని సామాను లేదు. లేనిదల్లా పక్షి ఉన్న ఫోటో. ఆల్బమంతా కొమ్మలే ఉంటాయి. ప్రతి కొమ్మ దగ్గరా ఆగి, "ఇప్పుడే ఎగిరిపోయింది వదినా" అని చెప్తాడు. అయినా మనసు మంచిది. వదిన మాట విని తన పాత కెమెరా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు, లెన్సు లేకుండా.

"లెన్సు మాత్రం తొందరపడి కొనొద్దు వదినా. ముందు చదవాలి."

"ఏం చదవాలి? పెళ్ళిసంబంధమా?"

"అంతకంటే ఎక్కువ. మొగుడు నచ్చకపోయినా సర్దుకుపోవచ్చు."

లోపల్నుంచి లిఫ్టు మెకానిక్ దగ్గాడు.

మరిది చెప్పిందంతా వింటే ఆవిడకి అర్థమైంది ఇంతే. మాక్రో లెన్సుల్లో ముఖ్యంగా మూడు రకాలు: అరవై, వంద, నూట ఎనభై మిల్లీమీటర్లవి. అంకె పెరిగినకొద్దీ పువ్వుకి దూరంగా ఉండి కూడా అంతే పెద్దగా తీయొచ్చు, దాంతోపాటు బరువూ పెరుగుతుంది. ఆసుపత్రిలో ఆవిడ వాడేది వంద. మరిది ఓటు నూట ఎనభైకి. అతనికి ఏదైనా పెద్దదే ఇష్టం.

ఒక శనివారం ఇద్దరూ పాత కెమెరాలు కూడా అమ్మే ఒక షాపుకి వెళ్ళారు. ఇరుకు గది, గాజు బీరువాల నిండా లెన్సులు మందు సీసాల్లా వరుసగా ఉన్నాయి. షాపాయన మూడూ తీసి బల్ల మీద పెట్టి, బయట పువ్వుల దుకాణం ఉంది కదా, వెళ్ళి పట్టి చూసుకోండి అన్నాడు.

ముందు నూట ఎనభై. చంకలో పసిబిడ్డని ఎత్తుకున్నట్టుంది. దుకాణంలో గులాబీ మీదకి గురి పెడితే, చేతుల వణుక్కి తెర మీద పువ్వు తుఫానులో చిక్కుకున్నట్టు ఊగింది. వెనక్కి జరుగుతూ జరుగుతూ ఆవిడ రోడ్డు మీదకొచ్చేసింది. స్కూటరు మీద వస్తున్నాయన బ్రేకు వేసి, "కొంటే కొనమ్మా, లేకపోతే ఇంటికి పో" అన్నాడు, పువ్వు గురించో లెన్సు గురించో తెలీకుండానే.

తర్వాత వంద. అది కెమెరాకి తగిలించగానే ఆవిడ చేతులు వాటంతట అవే సర్దుకున్నాయి, మోచేతులు పక్కటెముకలకి ఆనాయి, ఊపిరి ఆగింది. పువ్వు ఎంత దూరంలో ఉండాలో కళ్ళతో పనిలేకుండా ఒళ్ళే చెప్పింది. అంతలో నోట్లోంచి "కదలకండి" అన్న మాట కూడా వచ్చేసింది. పువ్వులమ్మే ఆవిడ నిజంగానే కదలకుండా నిలబడింది. బుగ్గలక్కకి ఒళ్ళు మండింది. ఆసుపత్రి ఇక్కడికీ వచ్చేసిందనిపించింది. లెన్సు ఊడదీసి మరిది చేతిలో పెట్టి, "ఇది వద్దు. దీనికి చిగుళ్ళ వాసన" అంది.

"లెన్సుకి వాసనేంటి వదినా?"

"నీకు పక్షి కనపడదు. నాకు వాసన వస్తుంది. ఎవరి కష్టం వాళ్ళది."

అరవై బుల్లిగా, ముద్దుగా, అరచేతిలో ఇమిడేలా ఉంది. ఇంతకు ముందు ఎవరి నోట్లోకీ చూడలేదు. అదే కొనేసింది. ఎంతైందని భర్త అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ కాపురం అన్నేళ్ళు నిలబడింది అలాంటి మర్యాదల మీదే.

అరవైతో తిప్పలు మర్నాడే మొదలయ్యాయి. పువ్వుని పెద్దగా తీయాలంటే లెన్సు దాదాపు రేకులకి తగలాలి. అంత దగ్గరికి వెళ్తే తన తల నీడే పువ్వు మీద పడుతోంది. నీడ తప్పించబోతే ఊపిరి తగిలి పువ్వు ఊగుతోంది. ఊపిరి బిగబడితే గులాబి ముల్లు చెంపకి గీరుకుంటోంది. మందారం దగ్గరికి జరిగితే అక్కడ అప్పటికే పనిలో ఉన్న తేనెటీగ, ఎవరు ముందొచ్చారో తేల్చుకుందామని లెన్సు గొట్టంలోకి దూరింది. బుగ్గలక్క వెనక్కి తుళ్ళిపడింది. వెనకున్న చామంతి డబ్బా దొర్లి, మెట్ల మీంచి ఒక్కో మెట్టూ పలకరిస్తూ కింది అంతస్తు దాకా వెళ్ళింది.

అత్తగారు మేడ మీదకి వచ్చి చూసింది. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతే ఎక్కువ భయం.

"నోళ్ళలో తల పెట్టింది చాలక ఇప్పుడు నా మొక్కల్లో పెడుతున్నావా? మేకని కట్టేసుకున్నా ఇంతకంటే నయం. అది ఎరువైనా ఇస్తుంది."

అప్పటి నుంచి మేడ మీదకి కెమెరాతో రావాలంటే అత్తగారు లేని వేళ చూసుకోవలసి వచ్చింది. అత్తగారు లేని వేళంటూ ఆ మేడకి లేదు. కొత్త లెన్సు బీరువాలో తువ్వాళ్ళ మధ్య పడుకుంది. మరిది ఫోన్ చేసి అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది" అని చెప్పింది. అతను కొమ్మల గురించి చెప్పే గొంతులాగే తన గొంతూ ఆవిడకి వినిపించింది.

ఇలా ఉండగా ఆసుపత్రిలో ఫ్లాష్ చచ్చిపోయింది. కుర్చీలో రిటైరైన బస్సు డ్రైవరు ఉన్నాడు, బుగ్గలు లాగేసి ఉన్నాయి, గాజు ఫ్లాష్ వెలగనంటోంది. పెద్ద దీపం వేస్తే ఫోటో పచ్చబడుతుంది కాబట్టి అదీ ఆర్పేసి ఉంది. ఆయన్ని మళ్ళీ రమ్మనడం ఇష్టంలేక, బుగ్గలక్క కుర్చీని కిటికీ వైపు తిప్పింది. కిటికీకి తెల్ల తెర వేసి ఉంది. లెన్సు కన్ను బాగా తెరిచి, ఆ పక్క వెలుతురులోనే తీసింది.

తెర మీద వచ్చింది చూసి ఆవిడ కొక్కేలు తీయడం కూడా మర్చిపోయింది. డ్రైవరు కింది పెదవి లోపలి అంచు తడిగా మెరుస్తూ ఒక రేకులా మడత పడి ఉంది. ఒకవైపు వెలుగు, ఇంకోవైపు మెల్లగా నీడలోకి జారిపోయింది. వెనక పళ్ళన్నీ పొగమంచులో ఇళ్ళలా మసకగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి బీడీలు కాల్చిన నోరు. ఎవరికైనా చూపించి పువ్వంటే నమ్ముతారు.

"ఆ... ఆ..." అన్నాడు డ్రైవరు.

"అయిపోయిందండీ, ఒక్క నిమిషం," అంటూనే ఇంకోటి తీసింది.

డాక్టరు వచ్చి చూశాడు. "ఇదేంటక్కా, పన్నెక్కడ? దీన్ని చూసి నేనేం చెయ్యను, కవిత రాయనా?"

డాక్టరుకి చెయ్యడానికేమీ లేదు గానీ, బుగ్గలక్కకి ఉంది. ఇన్నాళ్ళూ ఆ లెన్సు నోటికీ పువ్వుకీ ఒకే పని చేసింది. గాజు ఫ్లాష్ నీడనేది లేకుండా మూలమూలలా తెల్లగా కొడుతుంది. పేషెంటు కోసం లెన్సు కన్ను చిన్నది చేస్తే ముందు పన్ను దగ్గర్నుంచి వెనక దవడపన్ను దాకా అన్నీ ఒకేలా స్పష్టంగా పడతాయి. వైద్యానికి అది కావాలి. పువ్వుని కూడా అలాగే ముఖం మీద దీపం వేసి, ఏదీ దాచనివ్వకుండా, పోలీసు స్టేషన్లో నిలబెట్టినట్టు తీసింది. అది జబ్బులా కనపడక ఇంకెలా కనపడుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తను లెన్సుని తిట్టుకుంటూ కూర్చుంది.

సాయంత్రం తువ్వాళ్ళ మధ్యలోంచి అరవైని తీసి, ఒక్కతే షాపుకి వెళ్ళింది. షాపాయన ఆవిడని చూడగానే వంద తీసి బల్ల మీద పెట్టాడు.

"మళ్ళీ దీని కోసమే వస్తానని ఎలా తెలుసు?"

"మీరు ఆ రోజు దాన్ని పట్టుకున్న తీరు చూశానమ్మా. కానీ చెంపకి కట్టు కట్టుకుని వచ్చేదాకా ఎవరూ నా మాట వినరు."

చెంప మీద గులాబి గీత ఇంకా ఉంది. ఆవిడ నవ్వుకుని వంద తీసుకుంది. పాతదే, గొట్టం మీద చిన్న గీతలున్నాయి. ఎవరు, ఏం తీశారో అడగలేదు.

ఇక మిగిలింది వెలుతురు. ఆదివారం పొద్దున్న భర్తని లేపి, మంచం మీది తెల్ల దుప్పటి తీసి చేతిలో పెట్టింది.

"ఏం చెయ్యాలి దీన్ని?"

"మేడ మీద ఎండకి అడ్డంగా పట్టుకోండి. కిటికీ తెరలాగా."

"నన్ను తెర చేస్తున్నావన్నమాట."

"రోజూ లిఫ్టులోనే కదా ఉంటారు. ఒక రోజు ఆరుబయట నిలబడండి."

ఆయన రెండు చేతులూ పైకెత్తి దుప్పటి పట్టుకున్నాడు. ఎండ దుప్పటిలోంచి వడకట్టిన పాలలా మెత్తగా దిగింది. ఆవిడ మందారానికి జానెడు దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతులు పక్కటెముకలకి ఆనించింది. తేనెటీగ వచ్చి తన పని తాను చేసుకుపోయింది, ఇద్దరికీ చోటు సరిపోయింది. గాలి వచ్చినప్పుడల్లా దుప్పటి తెరచాపలా ఉబ్బి ఆయన రెండడుగులు పక్కకి కొట్టుకుపోయేవాడు.

"అటు కాదు, ఇటు."

"పైకా, కిందికా? సరిగ్గా చెప్పు. మా లిఫ్టులో అటూ ఇటూ ఉండవు."

ఆ పొద్దున్న తీసినవాటిలో చాలావరకు చెడిపోయాయి. ఒక్కటి కుదిరింది. రేకు అంచు ఒక్కటే స్పష్టంగా ఉండి, మిగతా మందారమంతా ఎర్రటి ఊపిరిలా కరిగిపోయిన ఫోటో. భర్తకి చూపిస్తే చేతులు పీకుతున్నా తల వంచి చూశాడు. "మిగతాది ఏమైంది?" అన్నాడు. దుప్పటి దించి, "లేకపోయినా బానే ఉంది" అన్నాడు. ఆయన నోటి వెంట అంతకంటే పెద్ద పొగడ్త ఆవిడ ఎప్పుడూ వినలేదు, పెళ్ళిలో కూడా.

అత్తగారు మాత్రం ఆ ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఈ మూల తెల్లగా ఉందే, అది పిండినల్లి" అంది. ఫోటో సంగతి వదిలేసి మందు కొట్టడానికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఏ ఆకు ముడుచుకున్నా కోడలి లెన్సుకి పిలుపు వచ్చేది. మేడ మీదకి రాకపోకల మీద నిషేధం దానంతట అదే ఎత్తేసినట్టయింది. ఎవరూ ప్రకటించలేదు.

కానీ అసలు గొడవ చామంతి దగ్గర వచ్చింది. మెట్ల మీంచి దొర్లిన చామంతే, కొత్త డబ్బాలో తేరుకుని ఒక పువ్వు పూసింది. అది వాడిపోవడం మొదలైంది. రేకులు ఒక్కొక్కటే మెలితిరిగి, చివర్లు గోధుమరంగులోకి మారి, ముసలివాళ్ళ వేళ్ళలా ముడుచుకుంటున్నాయి. బుగ్గలక్కకి నిండుగా పూసిన పువ్వుల కంటే అది నచ్చింది. ఆసుపత్రికి వెళ్ళేముందు రోజూ పొద్దున్నే ఒకటి తీసేది. ఇంకా ఎంతవరకు వాడుతుందో చూడాలని ఉండేది. ఒక రోజు కెమెరా గురి పెట్టి, ఊపిరి బిగబట్టి, రేకు చివర తెర మీద స్థిరపడుతుండగా, పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి పువ్వుని పుటుక్కున తుంచేసింది.

"వాడిపోయిన పువ్వు ఉంటే పక్క మొగ్గకి బలం పోతుంది," అంది అత్తగారు, దాన్ని డబ్బాలో మట్టి మీద పారేస్తూ.

బుగ్గలక్క కెమెరా దించింది. పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి అత్తగారికి ఎదురు చెప్పింది లేదు. బయట పహిల్వాన్ల నోళ్ళు తెరిపించిన మనిషి ఇంట్లో తన నోరు మూసుకునే బతికింది. ఆ రోజు మాత్రం మాట ఆగలేదు.

"అడగాలి కదా అత్తయ్యా. నేను ఇక్కడే ఉన్నాను కదా. నేను చూస్తున్నది చెయ్యి పెట్టి తుంచేస్తే ఎలా?"

"నా మొక్క."

"మొక్క మీదే. నేను చూస్తున్నాను. వాడిపోయింది కాబట్టి పనికిరాదని మీకెవరు చెప్పారు? అన్నీ పక్క మొగ్గ కోసమే బతకాలా?"

ఆ మాట చామంతి గురించి మొదలై ఎక్కడికి వెళ్ళిందో ఇద్దరికీ తెలిసింది. అత్తగారు నీళ్ళ చెంబు కింద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. బుగ్గలక్క కూడా కిందికి వచ్చి, బట్టలు మార్చుకుని, ఆసుపత్రికి పోయింది. ఆ రోజు పేషెంట్లని నవ్వొద్దని అనడం మర్చిపోయింది. ఒకడు నిజంగానే నవ్వాడు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. లిఫ్టు మెకానిక్ ఇద్దరి మధ్యా, అంతస్తుల మధ్య ఇరుక్కున్న వాడిలా, ఎవరు బటన్ నొక్కుతారా అని ఎదురుచూస్తూ అన్నం తిన్నాడు.

మూడో పొద్దున్న బుగ్గలక్క వంటింట్లో టీ వడకడుతోంది. మేడ మెట్ల మీంచి అత్తగారి గొంతు వినపడింది. మామూలు గొంతే, కొంచెం విసుగ్గానే ఉంది.

"ఇదిగో, ఆ గులాబి వాడింది. తుంచెయ్యనా, నీ పనేమైనా ఉందా దాంతో?"

బుగ్గలక్క చేతిలో వడకట్టే జాలి అలాగే ఆగింది. ఆ ఇంట్లో ఏదైనా చెయ్యొచ్చా అని తనని ఒకరు అడగడం అదే మొదలు. టీ కప్పులోకి పోకుండా బల్ల మీదకి పోయింది. ఆవిడ చూసుకోలేదు.

"ఉంచండి అత్తయ్యా. ఇంకో రెండు రోజులు."

"రెండు రోజులంటే రెండు రోజులే," అంది అత్తగారు పైనుంచి. "తర్వాత నేనాగను."